ఒక్క పేరే పట్టే గడి

అసావు ఊరు, వైటుపు దీవి
మార్చి 4

తమ్ముడు సెమిసికి,

ముందు బ్యాటరీల సంగతి తేల్చుకుందాం. పెద్ద టార్చీలకి వేసేవి పంపమని రాస్తే సన్నవి పంపావు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి, "ఫునాఫుటిలో మా తమ్ముడు పెద్ద ఆఫీసరు, బ్యాటరీ సైజు మాత్రం తెలీదు" అని చెబుతున్నాను. కంగారు పడకు, నీ పరువు ఇంకా కొంచెం మిగిలే ఉంది.

ఇక అసలు సంగతి. మీ ఆఫీసు వాళ్ళు ముగ్గురు పోయిన ఓడలో దిగారు. ఊరి సభ జరిగే మనేయాపాలో ఊరందర్నీ కూచోబెట్టి, స్తంభాల మధ్య తెల్లగుడ్డ కట్టి బొమ్మలు చూపించారు. మన తువాలు దేశం కాగితాలన్నీ, పుట్టినవాళ్ళవీ పోయినవాళ్ళవీ, నేలవీ, సముద్రం హద్దులవీ, తీసుకెళ్ళి ఉపగ్రహాల్లో పెడతారట. నీళ్ళు పెరిగి నేల పోయినా దేశం పోదట. పైన తిరుగుతూనే ఉంటుందట. తావిటా తాత లేచి, "పైన తిరిగేదానికి దాహమేస్తే నీళ్ళెవరు పోస్తార్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. మీ కుర్రాళ్ళు మాత్రం అది కూడా రాసుకున్నారు.

నేను నవ్వలేదు. పోయిన ఏడు మన రికార్డులు దాచిన పరాయి కంపెనీవాడు మన ప్రభుత్వంతో పేచీ పెట్టుకుని పంతొమ్మిది రోజులు తాళం వేశాడు చూడు, అది నేను చచ్చినా మర్చిపోను. మా మెలే నర్సు చదువుకి ఫిజీ వెళ్ళాలి. పుట్టిన కాగితం అడిగితే "తెరుచుకోవట్లేదు" అన్నారు. తెరుచుకునేసరికి ఓడా పోయింది, సీటూ పోయింది. నా బిడ్డ పుట్టిందని చెప్పడానికి ఎక్కడో ఏ దేశంలోనో ఎవడో బటన్ నొక్కాలా? ఆవేళ నాకొచ్చిన కోపానికి ఆ కంపెనీవాడు మా ఊళ్ళో ఉంటే వాడికి ఉప్పు కూడా అమ్మేదాన్ని కాదు. కాబట్టి ఎక్కడైనా పెట్టుకోండి, తాళం మాత్రం మన చేతిలో ఉండాలి. ఉంటుందా? అది చెప్పు.

మన ఫాలెఫాతు గుంటలో దక్షిణం వైపు రెండు వరసలు పసుపు తిరిగాయి. పులకా దుంపల వేళ్ళకి ఉప్పునీళ్ళు తగిలాయి. నేనూ మా ఆయన పసునా ఎరువుకి ఎండాకు మోసిమోసి నడుములు పోయాయి. నీకు చెబితే ఏం లాభం, నువ్వు చివరిసారి గుంటలో దిగింది నీ పెళ్ళికి ముందు.

ఎదురుగా ఉంటే మనం ఇన్ని మాటలు అనుకోం. అక్కాతమ్ముళ్ళు అలా వాదులాడుకోవడం మనలో మర్యాద కాదు. అందుకే నాకు ఓడ అంటే ఇష్టం. అది ఎంత తిట్టినా మోస్తుంది.

దుంపలు రెండు పంపుతున్నాను. వండేముందు ఒకసారి వాసన చూడు, అమ్మ గుర్తొస్తుంది.

సులు


ఫునాఫుటి
మార్చి 19

గౌరవనీయమైన అక్కకి,

దుంపలు అందాయి. పిల్లలు కొబ్బరిపాలతో తిన్నారు. బ్యాటరీలది నా పొరపాటే.

ఆఫీసు మెయిల్ నలుగురు చూస్తారు కాబట్టి నేనూ ఓడలోనే రాస్తున్నాను. నువ్వడిగినదానికి జవాబు: అవును, తాళం మనదే. మూడు ఉపగ్రహాలు, మూడింటిలోనూ ఒకే నకలు. ఒకటి పాడైతే రెండోది. ఏ దేశం చట్టమూ దానికి వర్తించదు, ఏ కంపెనీ మీటా పనిచెయ్యదు. ముద్ర వేశాక ఎవరూ మార్చలేరు. మనమూ మార్చలేం. నేను ఈ పనికి కుదిరి రెండేళ్ళయింది. నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఇదేనని నాకనిపిస్తుంది.

పట్టికలతో పాటు ప్రతి దీవి గొంతు కూడా పెడుతున్నాం. ప్రతి మనేయాపాలోనూ ఇంటింటివాళ్ళు తమ నేల కథ చెబుతారు. దానికి దీవి ముద్ర పడ్డాక అందులో ఒక్క మాట కొయ్యడానికి కూడా పరాయివాళ్ళకి అధికారం ఉండదు. ఇది మేం పట్టుబట్టి పెట్టించిన నియమం.

ఫాలెఫాతు వివరాలు నేనే ఎక్కిస్తాను. హద్దులు, ఎవరు తవ్వారు, ఏ తరంలో తవ్వారు అన్నీ రాసి పంపు. నువ్వు తప్ప ఎవరికీ తెలీదు.

నీ తమ్ముడు
సెమిసి


అసావు
ఏప్రిల్ 2

ఒరేయ్ సెమిసీ,

మూడు రోజులు కొట్టు సగం పూటే తెరిచాను, నీ పట్టిక పుణ్యమా అని. తావిటా తాతని వెంటబెట్టుకుని గుంట చుట్టూ తిరిగాను. పక్క గుంట లనుఓలా కూడా వచ్చింది. వద్దంటే వినే మనిషా?

తాత కర్రతో చూపించి, "ఇదిగో ఈ పగడపు రాయి దగ్గర్నుంచి ఆ పాండనస్ చెట్టు మొదలు దాకా" అన్నాడు.

"ఆ పాండనస్ తుపానుకి పడిపోయింది తాతా."

"పడిపోతే? నేను దాన్ని చూశాను కదా. నేను పడిపోయానా?"

లనుఓలా, "నువ్వు పడే లోపు నా హద్దు కూడా చెప్పిపో తాతా" అంది. ఆయన కర్ర ఎత్తాడు. అదీ మా కొలత.

రాసుకో. తూర్పున పగడపు రాయి. పడమట పాండనస్ ఉన్న చోటు, నాకు పద్నాలుగు అంగలు, నీకు పన్నెండు. ఉత్తరాన లనుఓలా వాళ్ళ గట్టు. దక్షిణాన ఇప్పుడు ఉప్పు. తవ్వినవాడు అమ్మకి తాత. కరువు ఏట మొదలుపెట్టి, గవ్వ పారతో తియ్యనీళ్ళు తగిలేదాకా తవ్వాడు. మొక్క చుట్టూ ఎండాకు బుట్ట అల్లే పద్ధతి మాత్రం రాయను. అది అమ్మ నాకు చెప్పింది. ఆకాశానికి కూడా చెప్పను.

ఇక మనుషులు. ఫాలెఫాతు కైతాసిలో, అంటే ఈ గుంట మీద కలిసి తినేవాళ్ళలో, ఇవాళ బతికి ఉన్నవాళ్ళం పదకొండుమందిమి. పేర్లన్నీ వేరే కాగితం మీద రాశాను. మొదటిది నాది: సులుఫైగా, లితియా కూతురు. నేను పెద్దదాన్ని కాబట్టి. రెండోది నీది. అలిగితే మూడోది చేస్తాను.

ఒక సందేహం. మీ గడుల్లో పదకొండు పేర్లు పడతాయా? నేను ఫిజీ నుంచి సరుకు తెప్పించుకునేప్పుడు ఫారాలు నింపుతాను కదా. గడి చిన్నదైతే వాళ్ళు సరుకునే చిన్నది చేస్తారు.

సులు


ఫునాఫుటి
ఏప్రిల్ 20

అక్కా,

వివరాలు అందాయి, ఎక్కించాను. తాతకి నా నమస్కారాలు. ఇక్కడ పెద్ద అలలు వచ్చి రోడ్డు మీదకి నీళ్ళొచ్చాయి, రెండు రోజులు ఆఫీసుకి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాను. విమానాల మైదానంలో పిల్లలు ఆ నీళ్ళలోనే బంతాట. పెద్ద బ్యాటరీలు రెండు పెట్టెలు పంపుతున్నాను, ఈసారి చూసే కొన్నాను. నీ కొట్టుకి నోటు పుస్తకాలు వచ్చే ఓడలో.

గడి ఒక్కటే ఉంది. ఇంటి పెద్ద పేరుంటే అందరూ ఉన్నట్టే కదా. నువ్వేం బెంగ పెట్టుకోకు.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

సెమిసి


అసావు
మే 11

సెమిసీ,

బ్యాటరీలు సరిగ్గానే ఉన్నాయి. మిగతాదేదీ సరిగ్గా లేదు.

ఊరి ఆఫీసు గోడకి పట్టిక అంటించారు. నేను చూడలేదు. లనుఓలా కొట్టుకొచ్చి పంచదార తూయించుకుంటూ చెప్పింది.

"సులూ, మీ గుంట మీ తమ్ముడికి అమ్మేశావా?"

"గుంటలు అమ్మేదెవరు, కొనేదెవరు? ఎండదెబ్బ తగిలిందా నీకు?"

"మరి నీ పేరు లేదేం?"

తక్కెట్లో పంచదార అలాగే వదిలేసి వెళ్ళాను. ఫాలెఫాతు. హక్కుదారు: సెమిసి. వారసులు: సెమిసి పిల్లలిద్దరు. అంతే. నేను లేను. మెలే లేదు, దాని తమ్ముళ్ళు లేరు. పదకొండుమందిని పంపితే నువ్వు ముగ్గుర్ని మిగిల్చావు.

తావిటా తాత దగ్గరికి వెళ్తే నవ్వాడు. "పిచ్చిదానా, వాడి పేరుంటే మీ అందరి పేర్లూ ఉన్నట్టే. ఎప్పుడూ అంతే కదా" అన్నాడు. ఆయనకి తొంభై దగ్గరపడుతోంది, ఆయన్ని నేనేమీ అనను. ఆయన చూసిన లోకంలో ఒక పేరు పిలిస్తే ఇల్లంతా లేచి నిలబడుతుంది. ఎందుకంటే పిలిచినవాడికి ఆ ఇల్లు తెలుసు. ఉపగ్రహానికి తెలుసా? నా పిల్లలు ఎవరో దానికి చెప్పేదెవరు? నేల నీళ్ళపాలయ్యాక, మనం ఏ పరాయి ఊళ్ళోనో బతుకుతున్నప్పుడు, ఈ నేల ఎవరిది, ఈ సముద్రం ఎవరిది అని అడిగితే ఆ పట్టిక తెరుస్తారు. అందులో ఉన్నవాడే మనిషి. లేనివాడు ఎక్కడో అద్దెకున్నవాడు. ఇది నీకు తెలీదా? నువ్వు ఆఫీసరువి, నేను ఉల్లిపాయలమ్ముకునేదాన్ని. నాకే అర్థమైంది.

ఉప్పొచ్చి గుంట పోతే ఏడుస్తాను, ఒప్పుకుంటాను. సముద్రంతో ఎవడు దెబ్బలాడతాడు? కాని ముప్ఫై రెండేళ్ళు ఎండాకు మోసినదానికి ఈ గుంటతో ఏ సంబంధమూ లేదని రాసి, ఎవరూ చెరపలేకుండా ఆకాశంలో పెడితే ఒప్పుకోను. పరాయి కంపెనీవాడు పంతొమ్మిది రోజులే తాళం వేశాడు. నువ్వు ఎప్పటికీ వేశావు. మన తాళం మన చేతిలోనే ఉందన్నావు కదా, నిజమే రాశావు. నా మొహాన వేసింది మనవాడే.

ఎందుకు చేశావు? ఉన్నది ఉన్నట్టు రాయి. అలల కబుర్లు వద్దు.

సులు


ఫునాఫుటి
మే 29

అక్కా,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నీ పేరే మొదట ఎక్కించాను. లితియా కూతురు అని కొట్టగానే యంత్రం ఎర్రగా చూపించింది. పుట్టిన రికార్డులో నీ తల్లి పేరు అసితా, నుయి దీవి. "పుట్టుకతో హక్కు" అన్న గడి ఒక్కటే ఉంది. పెంచుకున్నవాళ్ళకి గడి లేదు. ఆ ఫారం మనం చేసింది కాదు. ఉపగ్రహం మనది, తాళం మనది, ఫారం మాత్రం సలహాకి వచ్చిన పరాయి పెద్దమనిషి తన దేశం నుంచి తెచ్చాడు. నేను ఆయనకి చెప్పాను. మాలో కడుపులో ఉండగానే అడిగి తెచ్చుకుని పెంచుకుంటారు, ఆ బిడ్డకీ కన్నబిడ్డకీ తేడా లేదని చెప్పాను. "చాలా అందమైన ఆచారం, రెండో విడతలో చూద్దాం" అన్నాడు. రెండో విడత ఎప్పుడని అడిగితే ఇంకా తెలీదన్నాడు.

నీకు ఏప్రిల్ లోనే రాయాల్సింది. రాయలేకపోయాను. మార్పులకి గడువు ఏప్రిల్ 30తో అయిపోయింది. ఇప్పుడు ఎవరి నమోదూ మార్చడానికి లేదు. ముద్ర పడేదాకా ఎవరి నమోదు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు, అంతే. అలాంటి పని ఎవరు చేస్తారు?

నువ్వు నన్నన్న మాటలు పదిసార్లు చదివాను. నువ్వు తిట్టి కొట్టు తెరుచుకుంటావు. నేను ఆ మనిషి ఎదురుగా రోజూ కూచుని, ఈ దేశంలో ఒక్క కాగితమైనా మిగిలేలా చూడాలి. ఎనిమిది దీవులకీ నేనే సమాధానం చెప్పాలి. నువ్వు గుంటలో ఎండాకు మోశావు, నిజమే. నేను మాత్రం ఇక్కడ ఈలలు వేసుకుంటూ తిరుగుతున్నానా? ఒక్క గడి కోసం అంతా ఆపమంటావా? పేరు లేకపోతే ఏమైంది, నువ్వు మా అక్కవి కాదని ఎవరన్నారు? కాగితం ప్రకారం కాకపోవచ్చు, అంతే కదా.

సెమిసి


అసావు
జూన్ 14

గౌరవనీయులైన సెమిసి గారికి,

తమరి ఉత్తరం అందింది. "కాగితం ప్రకారం కాకపోవచ్చు, అంతే కదా" అని తమరు రాసిన ముక్క చదువుకున్నాను.

కాగితం ప్రకారం నాకు నుయి దీవిలో నేల ఉండాలి. అక్కడికి నేను ఒక్కసారే వెళ్ళాను, ఓడ ఆగితే. నన్ను గుర్తుపట్టినవాళ్ళు లేరు. అసితా అనే ఆవిడ లితియా స్నేహితురాలు. లితియాకి పెళ్ళై ఆరేళ్ళయినా పిల్లలు లేకపోతే, ఈసారి పుట్టే బిడ్డ నీదేనని మాటిచ్చింది. బొడ్డు కోసిన చాపలోనే నన్ను చుట్టి ఇచ్చింది. నేనొచ్చిన నాలుగేళ్ళకి తమరు పుట్టారు. తమరి మొదటి అన్నం నేను నమిలి పెట్టాను. ఇవేవీ కాగితంలో లేవు కాబట్టి ఆఫీసు వారికి తెలియజేస్తున్నాను.

ఒక విషయం తెలుసుకోవాలి. గొంతులు రికార్డు చేసేవాళ్ళు వచ్చే నెల 9న మా ఊరు వస్తున్నారట. ప్రతి నేలకీ దాని హక్కుదారు లేచి కథ చెప్పాలట. ఫాలెఫాతు హక్కుదారులు ఫునాఫుటిలో ఉన్నారు. వారి తరఫున ఎవరు మాట్లాడాలో ఆఫీసు వారు తెలుపగలరు.

ఇట్లు
సులుఫైగా
చిల్లర కొట్టు, అసావు


ఫునాఫుటి
జూన్ 27

అక్కా,

తిట్టు. ఒరేయ్ అను, సన్న బ్యాటరీ అను. "గారు" అని మాత్రం రాయకు. ఆ ఉత్తరం ఆఫీసులో విప్పాను, మిగతా పూటంతా ఏ పనీ చెయ్యలేకపోయాను.

నేను రాసిన ఆ ముక్క వెనక్కి తీసుకోలేను. ఓడెక్కిన ఉత్తరం కూడా ముద్ర పడ్డట్టే.

9వ తేదీకి నేను రాలేను, ఓడ లేదు. ఫాలెఫాతు తరఫున ఎవరు మాట్లాడాలో చెప్పే అధికారం నాకు లేదు. అది వైటుపు పెద్దలది. నా చేతిలో ఉన్నది ఒకటే: వచ్చిన గొంతుని వచ్చినట్టు పైకి పంపడం. అది చేస్తాను.

సెమిసి


అసావు
జూలై 10

సెమిసీ,

నిన్న అయింది. కోపం ఇంకా తగ్గలేదు, కాని చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మధ్య స్తంభానికి మైకు కట్టారు. ఒక్కొక్క నేల పేరు పిలుస్తున్నారు. ముసలాళ్ళు లేచి, దగ్గి, మూడు తరాలు చెప్పి కూచుంటున్నారు. "ఫాలెఫాతు" అని పిలిచారు. ఎవరూ లేవలేదు. నేను లేచాను.

తావిటా తాత, "సులూ, ఇంటి పెద్ద మగవాడు మాట్లాడాలమ్మా. సెమిసి వచ్చాక చెబుతాడులే" అన్నాడు.

"సెమిసి వచ్చేసరికి అది ఆకాశంలో ఉంటుంది తాతా."

"పట్టికలో నీ పేరు లేదంటున్నారు కదా."

"లేదు. అందుకే అడుగుతున్నాను. అమ్మ లితియా పోయినప్పుడు మూడు రోజులు ఈ మనేయాపాకి దుంపలొచ్చాయి. కేకేసి పేరు చెప్పినవాడు ఎవరు?"

"నేనే."

"ఎవరి పేరు చెప్పావు?"

వంటకం తెచ్చినవాళ్ళ పేరు తప్పు చెబితే సభకే అవమానం, నీకు తెలుసు కదా. ఆయన అరవై ఏళ్ళుగా ఒక్కసారీ తప్పు చెప్పలేదు. చివరికి మెల్లగా, "ఫాలెఫాతు నుంచి, లితియా కూతురు సులుఫైగా, అన్నాను" అన్నాడు.

"తిన్నావా?"

"తిన్నాను."

అప్పుడు సభ వైపు తిరిగాను. నాకు ఆగలేదురా. "తుపాను తర్వాత పడవ పందేనికి, చర్చికి కొత్త కప్పు వేసినప్పుడు, మీ పెళ్ళిళ్ళకి, మీ చావులకి ఫాలెఫాతు దుంప నా నెత్తి మీద వచ్చింది. ముప్ఫై రెండేళ్ళు. ఎవరి గుంట దుంప తిన్నారో చెప్పండి. తిన్నారా లేదా?" అని అరిచాను. మైకు కుయ్యిమంది.

మొదట లనుఓలా అంది, "తిన్నాం!" అని. ఊరికే కాదు, "తిన్నాం, కొంచెం ఉడకలేదు ఒకసారి!" అని. జనం పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే ఒకరి తర్వాత ఒకరు "తిన్నాం, తిన్నాం" అన్నారు. కోపంలో ఉన్నదాన్ని ఏడుస్తానా నవ్వుతానా అని నాకే తెలీలేదు. తాత కర్రతో నేల తట్టి, "రాసుకోండి. ఆమెది తిన్నాం. ఆమె మనిషే" అన్నాడు. ఆ తర్వాత నేను గుంట కథ చెప్పాను. తవ్వినవాడు, కరువు, పగడపు రాయి, పాండనస్. చివర కైతాసిలో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పాను. పెద్దలు దీవి ముద్ర వేశారు.

నీ పేరు దగ్గర ఒక ఊపిరి ఆగాను. చెప్పానో లేదో ఇక్కడ రాయను. నువ్వే విని తెలుసుకో. నా పేరు ఉందో లేదో నేను గోడ మీద చూసి తెలుసుకోలేదా?

గొంతులు పట్టిన పెట్టె ఈ ఓడలోనే వస్తోంది. ఇక నీ వంతు.

సులు


ఫునాఫుటి
జూలై 30

అక్కా,

పెట్టె వచ్చిన రోజే సలహాదారు విన్నాడు. ఆయనకి మన భాష రాదు, పక్కన ఒకడు చెబుతున్నాడు. వైటుపు రికార్డులో రెండు నిమిషాలు గోల ఉంది, నవ్వులున్నాయి, పైగా పట్టికతో పొసగదు, కోసెయ్యమన్నాడు. నేను కుదరదన్నాను.

"చప్పుడు తీసేస్తే శుభ్రంగా ఉంటుంది" అన్నాడు.

"అది చప్పుడు కాదు. ఒక ఊరు సాక్ష్యం చెబుతోంది" అన్నాను. "దీవి ముద్ర పడింది. దాన్ని కోసే అధికారం మీకు లేదు, నాకూ లేదు. ఈ నియమం పెట్టుకున్నదే అందుకు. మీరు కొయ్యగలిగితే మాకు ఆ పంతొమ్మిది రోజులకీ దీనికీ తేడా ఏముంది?"

గొంతు పెరిగింది. రెండేళ్ళలో ఆ గదిలో నేను అలా మాట్లాడటం అదే మొదటిసారి. మా ఆఫీసు పెద్దావిడ బయటి నుంచి వచ్చి, తలుపు దగ్గర నిలబడి అంతా విని, "కొయ్యొద్దు" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. ఆయన పొసగదు, పొసగదు అంటూనే ఉన్నాడు. నిజమే, పొసగదు. పట్టికలో గుంట నాది, గొంతులో అందరిదీ. రేపు ఎవరైనా తెరిస్తే పట్టికనే నమ్ముతారు.

అందుకని పట్టికలో నా నమోదు వెనక్కి తీసుకున్నాను. నాదీ, నా పిల్లలదీ. మార్చడానికి వీల్లేదు కాని తీసెయ్యడానికి వీలుందని చెప్పాను కదా. ఇప్పుడు ఫాలెఫాతు గడి ఖాళీ. ఖాళీ గడి ఎదురుగా యంత్రమే వేసే మాట ఒకటే ఉంది: వైటుపు గొంతు చూడండి.

అది చేశాకే నీ రికార్డు పెట్టుకుని విన్నాను. ఆ వరస నీకు తెలియాలి. ముందు గడి ఖాళీ చేశాను, తర్వాత విన్నాను. నువ్వు నన్ను వదిలేసి ఉంటే నాకూ నా పిల్లలకీ ఇక ఎక్కడా నేల లేదు. నీ పేరు వచ్చింది, మెలే వచ్చింది, పది పేర్లూ వచ్చాయి. ఆ తర్వాత నువ్వు ఆగావు. ఊపిరి వినిపిస్తోంది. పక్కన ఎవరో దగ్గారు. ఆ తర్వాత, "ఇంకా మా సెమిసి. వాడికి దుంప తవ్వడం రాదు. అయినా రాసుకోండి" అన్నావు.

నిన్న ముద్ర పడింది. ఇక ఎవరూ మార్చలేరు.

నన్ను ఆ బల్ల దగ్గర్నుంచి వేరే గదికి మార్చారు. పెద్ద పని కాదు, కిటికీ ఉంది.

నీ తమ్ముడు
సెమిసి


అసావు
ఆగస్టు 16

ఒరేయ్ సెమిసీ,

కొట్లో ఎవరూ లేని పూట చూసి చదివాను. రెండుసార్లు. ఇంకా నీ మీద కోపంగానే ఉన్నాను. ఏప్రిల్ నుంచి దాచావు, అది నాకు పోదు. దాన్ని నేనూ ఎక్కడో పైన పెట్టుకుంటాను, ఎవరూ చెరపలేకుండా.

పైన సంగతి బాగుంది. కింద దక్షిణం వైపు ఇంకో వరస పసుపు తిరిగింది. గుంట ఒకవైపు గట్టు ఎత్తు చేస్తే కొన్నేళ్ళు ఆగుతుందని తాత అంటున్నాడు. పసునాకి మోకాళ్ళు నొప్పి. లనుఓలా సాయం వస్తానంది, దాని నోరు భరించాలి. పగడపు రాళ్ళు మొయ్యాలి, ఎండాకు కొయ్యాలి, బుట్టలు అల్లాలి. ఆ అల్లిక ఎలాగో నీకు చెబుతాను. కాగితం మీద కాదు, గుంటలో దిగితే.

సెలవు పెట్టి వచ్చే ఓడకి రా. కిటికీ ఎక్కడికీ పోదు. నీ పేరు పదకొండోది, అయినా ఉంది కదా. ఉన్నవాడు మొయ్యాలి.

వచ్చేటప్పుడు బ్యాటరీలు తీసుకురా. పెద్దవి.

అక్క